తక్కువ ఖర్చులో ఇంట్లో ప్రొజెక్టర్‌తో వంద అంగుళాల బొమ్మ: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాటు. హాలు పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. అందులోనే నాలుగేళ్లుగా ప్రొజెక్టర్ మీద సినిమాలు చూస్తున్నాం. మొదటిది మోసపోయి కొన్నాను, రెండోది తొందరపడి కొన్నాను, మూడోది కొలతలు వేసుకుని కొన్నాను. అప్పటి నుంచి అపార్ట్‌మెంట్ వాళ్లు, చుట్టాలు, ఆఫీసు స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇవే. అడిగిన ప్రతిసారీ కొత్తగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

పెద్ద టీవీ కొనుక్కుంటే సరిపోదా?

మీ ఇంట్లో పగలంతా వార్తలు, సీరియళ్లు నడుస్తుంటే టీవీయే కొనండి. రాత్రి పూట ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా చూసే అలవాటుంటే ప్రొజెక్టర్ గురించి ఆలోచించండి. 55 అంగుళాల టీవీ కంటే 100 అంగుళాల తెర వైశాల్యం మూడు రెట్లకు పైనే. ఆ తేడా చెబితే తెలియదు, ఒకసారి చూస్తే మళ్లీ టీవీ వైపు మనసు పోదు.

ఎనిమిది వేలకే '4కె' ప్రొజెక్టర్ అని చూశాను. నిజమేనా?

కాదు. నేను మొదట పడిన గొయ్యి ఇదే. పెట్టె మీద '4కె సపోర్ట్' అని ఉంటుంది. దాని అర్థం 4కె వీడియో ఇస్తే అది తీసుకుంటుందని, అంతే. లోపల బొమ్మని వేసే ప్యానెల్ ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) వెయ్యగలదో దాన్నే నేటివ్ రిజల్యూషన్ అంటారు. మీ గోడ మీద పడేది అదొక్కటే.

లెక్క చూడండి. నేటివ్ 720పి అంటే 1280 × 720, సుమారు 9.2 లక్షల చుక్కలు. 1080పి అంటే 1920 × 1080, సుమారు 20.7 లక్షలు. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షలు. 83 లక్షల చుక్కలున్న సినిమాని తొమ్మిది లక్షల చుక్కల ప్యానెల్‌లోకి కుక్కితే మిగిలినవన్నీ దారిలోనే పోయినట్టు. పెట్టె వెనక సన్నటి అక్షరాల్లో 'నేటివ్' అన్న మాట పక్కన ఏ అంకె ఉందో చూడండి. ఆ మాటే కనబడకపోతే పెట్టె తిరిగి ఇచ్చెయ్యండి.

మధ్యలో ఇంకో రకం ఉంది, అది మోసం కాదు. డీఎల్‌పీ అనే రకం ప్రొజెక్టర్లు కొన్నిటిలో 1920 × 1080 చిప్‌నే వాడతారు. అది ఒక్కో ఫ్రేమ్‌లో బొమ్మని నాలుగు చోట్లకి అతి వేగంగా జరిపి 83 లక్షల చుక్కలూ వేస్తుంది. దీన్ని పిక్సెల్ షిఫ్ట్ అంటారు. కంటికి 4కె లాగే అనిపిస్తుంది. ఈ చిప్ మీద ఉండేవి సూక్ష్మమైన అద్దాలు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన పరికరం అది. సినిమా హాళ్లలో డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చింది కూడా ఆ అద్దాల పుణ్యమే. పిక్సెల్ షిఫ్ట్ రకం ప్రొజెక్టర్లు లక్ష రూపాయలకు అటూ ఇటూగా మొదలవుతాయి కాబట్టి మన నలభై వేల బడ్జెట్‌లోకి రావు.

షాపులో నిలబడి నేటివ్ రిజల్యూషన్ ఎలా పట్టుకోవాలి?

ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, డిస్‌ప్లే 1920 × 1080, స్కేలింగ్ 100 శాతం పెట్టండి. ప్రొజెక్టర్‌లో కీస్టోన్ (వంకరగా పడ్డ బొమ్మని సరిచేసే సెట్టింగ్) సున్నా చెయ్యండి, జూమ్ పూర్తిగా తీసెయ్యండి. ఇక రెండు పరీక్షలు.

మొదటిది తెలుగు అక్షరాలు. డాక్యుమెంట్ తెరిచి చిన్న సైజులో 'స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, వస్త్రం' అని టైప్ చేసి తెర దగ్గరకి వెళ్లి చదవండి. ఇంగ్లీషు అక్షరాలు కొంచెం మసకబారినా కన్ను సర్దుకుపోతుంది. మన ఒత్తులు అలా కాదు. 'స్త్రీ'లో సకారం కింద తకారం ఒత్తు, దాన్ని చుట్టుకున్న రకారం, పైన గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా కనబడితే ప్యానెల్ నిజంగా 1080పి. కింద ఒత్తులన్నీ కలిసి ఒక ముద్దగా కనబడితే 720పి, లేదంటే లెన్స్ నాసిరకం. నా మొదటి ప్రొజెక్టర్‌లో 'ష్ట్ర' అక్షరం నేల మీద పడ్డ పేడపురుగులా ఉండేది.

రెండోది గీతల పరీక్ష. పెయింట్ ప్రోగ్రామ్‌లో ఒక చుక్క వెడల్పు నల్ల గీత, పక్కనే ఒక చుక్క వెడల్పు తెల్ల గీత, అలా వరసగా గీసిన బొమ్మ ముందే చేసి పెట్టుకోండి. ఇంట్లో పిల్లలకి చెబితే పది నిమిషాల్లో చేసిస్తారు. నేటివ్ 1080పి అయితే దగ్గరకెళ్లి చూసినప్పుడు గీతలు విడివిడిగా కనబడతాయి. కాకపోతే బూడిద రంగు మీద అలలు అలలుగా పట్టీలు వస్తాయి. షాపు వాళ్లు వద్దంటే ఇంకో షాపుకి వెళ్లండి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు షాపులకు కొదవ లేదు.

మరి 1080పి సరిపోతుందా?

మీరు ఎంత దూరంలో కూర్చుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. 100 అంగుళాలు అనేది మూల నుంచి మూలకి కొలత, ఆ తెర వెడల్పు 221 సెంటీమీటర్లు. దాన్ని 1920తో భాగిస్తే ఒక్కో చుక్క సుమారు 1.15 మిల్లీమీటర్లు. మామూలు చూపున్నవాళ్లకి అంత చుక్క దాదాపు 13 అడుగుల అవతల నుంచి విడిగా కనబడదు. మా సోఫా పది అడుగుల దూరంలో ఉంది. అంటే లెక్క ప్రకారం 4కె అయితే ఇంకొంచెం స్పష్టంగా ఉండాలి, నిజమే. కానీ సినిమాలో బొమ్మ కదులుతూ ఉంటుంది, కాబట్టి పది అడుగుల్లో 1080పితో మా ఇంట్లో ఎవరూ ఇబ్బంది పడలేదు. ఏడు అడుగుల్లో కూర్చుంటే మాత్రం చుక్కలు తెలుస్తాయి. అప్పుడు తెర 80 అంగుళాలకి తగ్గించుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మన తెలుగు సినిమాలు ఎక్కువ భాగం స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి బొమ్మగా తీస్తారు. 16:9 తెర మీద వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 100 అంగుళాల తెర ఎత్తు 124 సెంటీమీటర్లయితే సినిమా బొమ్మ నిలిచేది 93 సెంటీమీటర్ల లోపే. గోడ వెడల్పు చాలినంత ఉంటే అందుకోసమైనా కొంచెం పెద్ద తెర వేసుకోవచ్చు.

ఒకరు 9,000 ల్యూమెన్లు అంటారు, ఒకరు 500 అంటారు. ఏది నమ్మాలి?

ల్యూమెన్ అంటే వెలుతురు కొలత. 'ఆన్సీ' లేదా 'ఐఎస్ఓ' అన్న మాట ముందున్న అంకెనే నమ్మండి. అవి తెర మీద పడ్డ వెలుతురుని పద్ధతి ప్రకారం కొలిచిన అంకెలు. ఉత్త 'ల్యూమెన్స్' అని వేలల్లో రాసింది లోపలి బల్బు వెలుగో, లేక ఊహో.

ఎంత కావాలన్నది లెక్క వేసుకోవచ్చు. డిజిటల్ సినిమా హాలు తెర వెలుగుకి పెట్టిన ప్రమాణం చదరపు మీటరుకి 48 క్యాండెలాలు. 100 అంగుళాల తెల్ల తెర మీద ఆ వెలుగు రావాలంటే సుమారు 420 ల్యూమెన్లు చాలు. 120 అంగుళాలకైతే 600. వినడానికి తక్కువగానే ఉంటుంది. అయితే ఇది కటిక చీకటి గదిలో మాట. పైగా ప్రొజెక్టర్ అత్యధిక వెలుగు చూపించే మోడ్‌లో మొహాలు పచ్చబారతాయి. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌కి మారిస్తే వెలుగులో మూడో వంతు దాకా పోతుంది. అందుకని 100 అంగుళాలకి 600 నుంచి 700 ఆన్సీ ల్యూమెన్లు చూసుకోమంటాను.

మా గది చిన్నది. ఎంత దూరంలో పెట్టాలి?

ప్రతి ప్రొజెక్టర్‌కీ త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. తెర వెడల్పుని దానితో గుణిస్తే గోడకీ లెన్స్‌కీ మధ్య దూరం వస్తుంది. 1.2 అయితే 100 అంగుళాలకి 266 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది అడుగుల్లోపే. 1.5 అయితే దాదాపు 11 అడుగులు. దాని వెనక ప్రొజెక్టర్ ఒళ్లు, కేబుళ్లు, గాలి తిరగడానికి ఒక అడుగు కలుపుకోండి. కొనక ముందే టేపు పెట్టి కొలవండి. నేను రెండోసారి తప్పింది ఇక్కడే. వెనక గోడకి ఆనించి పెట్టినా బొమ్మ 84 అంగుళాలు దాటలేదు.

పక్కన పెట్టి కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు గానీ చుక్కలు పోగొట్టుకుంటారు. కీస్టోన్ అంటే వంకరగా పడ్డ బొమ్మని ప్యానెల్ లోపలే కుదించి దీర్ఘచతురస్రం చెయ్యడం. డబ్బు పెట్టి కొన్న 20 లక్షల చుక్కల్లో కొన్ని ఉత్తినే పడి ఉంటాయి, మిగిలినవాటి అంచులు మొద్దుబారతాయి. ఆటో కీస్టోన్ ఉంటే దాన్ని ఆపేసి, స్టాండు ఎత్తు మార్చి, తెరకి సూటిగా నిలబెట్టండి. సీలింగ్‌కి బిగించే మేకులు కొట్టే ముందు రెండు రోజులు స్టూలు మీద పెట్టి చూసుకోండి.

తెర కొనాలా, గోడ చాలా?

గోడ చాలు. కానీ ఆ గోడని సిద్ధం చెయ్యాలి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

మేము చేసింది చెబుతాను. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చి లైటుని గోడకి దాదాపు ఆనించి పక్కనుంచి వేశాం. పగలు నున్నగా కనబడిన గోడ మీద గుంటలు, పెయింటర్ బ్రష్ గీతలు, పాత మేకు రంధ్రాలు అన్నీ నీడలతో లేచి నిలబడ్డాయి. వాటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. మర్నాడు పెయింటర్ వచ్చి వాటి వరకూ లప్పం పెట్టాడు. ఆరాక 320 నంబరు సాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ ఒక కోటు, తెల్ల మాట్ ఎమల్షన్ రెండు కోట్లు బ్రష్‌తో కాకుండా రోలర్‌తో వేశాడు. మళ్లీ రాత్రి టార్చి పరీక్ష. ఇంకా రెండు చోట్ల ఎత్తు కనబడింది, వాటినీ రుద్దించాం. 'ఇంత చిన్నదానికి ఇంత అవసరమా బాబూ?' అన్నాడు పెయింటర్. ఆ రాత్రి క్రికెట్ పచ్చిక మీదుగా కెమెరా తిరిగినప్పుడు ఎక్కడా మచ్చ పడలేదు, అతనికి ఫోన్‌లో వీడియో తీసి పంపాను.

మెరిసే రంగు మాత్రం వద్దు. తెర మధ్యలో వెలుగు ముద్ద కట్టినట్టు కనబడుతుంది. ఖాళీ ఫ్లెక్స్ షీటు కట్టుకుంటామని చాలామంది అంటారు. అది కూడా మెరుస్తుంది, పైగా ముడతలు పడుతుంది. అద్దె ఇల్లయి గోడ ముట్టుకోలేకపోతే చెక్క ఫ్రేముకి బ్లాకౌట్ కర్టెన్ బట్ట తెల్ల వైపు బయటికి ఉండేలా బిగించి కొట్టించండి. చుట్టూ మూడు అంగుళాల నల్ల వెల్వెట్ పట్టీ అంటిస్తే బొమ్మ అంచులు తీరుగా ఉంటాయి, నలుపు ఇంకా నల్లగా అనిపిస్తుంది.

చీకటి అంత ముఖ్యమా?

అన్నిటికంటే ముఖ్యం. ప్రొజెక్టర్ నలుపు వెయ్యలేదు. గదిలో ఎంత వెలుతురు ఉంటే మీ నలుపు అంత తెల్లబడుతుంది. ఇరవై వేలు ఎక్కువ పెట్టి వెలుగున్న ప్రొజెక్టర్ కొనేకంటే మూడు వేలతో మందపాటి కర్టెన్లు కుట్టించడం మంచిది. తూర్పు కొసన ఉన్న మన ఊళ్లో చలికాలం ఆరు కాకుండానే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రాలు కలిసొస్తాయి. తెర ఎదురు గోడా, పైన సీలింగూ తెల్లగా ఉంటే వెలుతురు తిరిగొచ్చి తెర మీద పడుతుంది. తెరకి దగ్గరున్న గోడ వరకైనా ముదురు రంగు వేయించండి.

ఓటీటీలో బొమ్మ ఎందుకు మసగ్గా వస్తోంది?

చాలా చవక ప్రొజెక్టర్లలో ఉండే ఆండ్రాయిడ్‌కి ఓటీటీ సంస్థల అనుమతి ఉండదు. వైడ్‌వైన్ ఎల్1 (కాపీ కొట్టకుండా కాపాడే తాళం లాంటి అనుమతి) లేని పరికరానికి చాలా యాప్‌లు తక్కువ నాణ్యత బొమ్మే పంపిస్తాయి. ప్రొజెక్టర్ తప్పు కాకపోయినా తిట్లు దానికే పడతాయి. అనుమతి ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొని హెచ్‌డీఎంఐలో పెట్టండి, సమస్య పోతుంది. స్టిక్‌లో హెచ్‌డీఆర్ (వెలుగుకీ నీడకీ తేడా పెంచి చూపించే పద్ధతి) ఆపెయ్యండి. ఈ ధరలో వచ్చే ప్రొజెక్టర్లకి హెచ్‌డీఆర్ చూపించేంత వెలుగు లేదు, బొమ్మ చీకటిగా తయారవుతుంది. ఫోన్ నుంచి మిర్రరింగ్ చేస్తే సినిమా యాప్‌లు నల్ల తెర చూపిస్తాయి, దాని జోలికి పోవద్దు.

ఇంటర్నెట్ వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ 1080పికి అడిగేది సెకనుకి 5 మెగాబిట్లే.

సౌండు?

ప్రొజెక్టర్ లోపలి స్పీకర్‌తో చూస్తే సగం సినిమా పోయినట్టే. ఇంట్లో ఉన్న పాత హోమ్ థియేటరో, 2.1 స్పీకర్లో తెర కింద పెట్టి వైరుతో కలపండి. ప్రొజెక్టర్ మన వెనక ఉంటుంది, మాట వెనకనుంచి వినబడితే మనసు కుదరదు. బ్లూటూత్‌లో మాట పెదవుల కంటే సెకనులో పదో వంతు, అంతకంటే ఎక్కువ కూడా ఆలస్యంగా రావచ్చు. వైరే మేలు.

సముద్రం గాలికి పాడవుతుందా?

జాగ్రత్త పడకపోతే పాడవుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో గేటు గొళ్లేలు, కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో మీకు తెలుసు. అదే ఉప్పు గాలి హెచ్‌డీఎంఐ పోర్టుల్లోకీ వెళ్తుంది. దానికన్నా పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే లెన్స్ మీద ఫంగస్ పడుతుంది. సన్నటి సాలెగూడు దారాల్లా లోపలి అద్దం మీద పాకుతుంది, తుడిస్తే పోదు. మా పిన్ని వాళ్ల ఇంట్లో రెండు వర్షాకాలాలు అల్మరాలో ఉంచిన ప్రొజెక్టర్‌ని వెలిగిస్తే గోడ మీద బొమ్మ చుట్టూ పొగ పట్టినట్టు ఉంది. టార్చి వేసి చూస్తే లెన్స్ నిండా ఆ దారాలే.

వాడుతూ ఉంటే వేడికి తేమ నిలవదు. కాబట్టి సినిమా లేకపోయినా వారానికి ఒక గంట వెలిగించండి. ఎక్కువ రోజులు ఊరెళ్తే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చాలి. ఏసీ గదిలోంచి తీసి వెంటనే డాబా మీదికి పట్టుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అరగంట ఆగి వెలిగించండి.

పాత ఊరి వైపు, గాజువాక వైపు కిటికీల మీద నల్లటి ధూళి పడే ఇళ్లుంటాయి. అక్కడ ఫిల్టర్ నెలకోసారి శుభ్రం చెయ్యాలి. లెన్స్, ప్యానెల్ భాగం మూసి ఉన్న ఎల్‌సీడీ రకం తీసుకుంటే లోపలికి దుమ్ము చేరదు.

కరెంటు బిల్లు?

100 వాట్ల ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ రోజుకి మూడు గంటలు నడిస్తే నెలకి తొమ్మిది యూనిట్లు. ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ ప్లగ్గులోనే పెట్టండి.

నేనే ఇంట్లో ప్రొజెక్టర్ తయారు చేసుకోవచ్చా?

ఎల్‌సీడీ ప్యానెల్, వెనక 100 వాట్ల ఎల్‌ఈడీ, రెండు ఫ్రెనెల్ లెన్సులు (పలుచటి చదును లెన్సులు), ముందు ఒక లెన్స్ పెట్టి చెక్క పెట్టెలో బిగించే పద్ధతి ఒకటి ఉంది. నేర్చుకోవడానికి చక్కటి పని, ఇంజనీరింగ్ పిల్లలకి తప్పకుండా చెబుతాను. బొమ్మ కోసమైతే వద్దు. పోలరైజర్లు, రంగు ఫిల్టర్లు దాటేసరికి ఎల్‌సీడీ ప్యానెల్ గుండా బయటికొచ్చే వెలుతురు ఐదు శాతం ఉంటే గొప్ప. ఎల్‌ఈడీ పది వేల ల్యూమెన్లు ఇచ్చినా గోడకి చేరేది రెండు మూడు వందలే. చవక ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు కూడా ఇదే పద్ధతిలో ఫ్యాక్టరీలో చేసినవే. లెన్సులు విడిగా కొని వాళ్లతో పోటీ పడలేం.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు తీసేసినవి చాలా వస్తాయి. వాటిలో ఎక్కువ 1024 × 768, 1280 × 800 రకాలు, వెలుగు బాగుంటుంది గానీ చుక్కలు చాలవు. 1080పి దొరికితే మెనూలో ల్యాంపు గంటలు చూడండి. ల్యాంపు ఆయుష్షు అంటే దాని వెలుగు సగానికి పడిపోయే సమయం, కాబట్టి ఆయుష్షు దగ్గరపడిందంటే కొత్త ల్యాంపు ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. నల్ల బొమ్మ వేసి తెల్ల చుక్కలు, తెల్ల బొమ్మ వేసి మచ్చలు ఉన్నాయేమో చూడండి.

డాబా మీద వేసుకోవచ్చా?

పండగలకి మేమూ వేస్తాం. గుడ్డ తెర కడితే సముద్రపు గాలికి తెరచాపలా ఊగుతుంది. మెట్లగది గోడకి వెల్ల వేసి దాని మీద వెయ్యండి. రాత్రి పది దాటాక సౌండు తగ్గించండి.

మొత్తం ఎంతవుతుంది?

మాది 40,000లో తేలింది. నేటివ్ 1080పి ప్రొజెక్టర్ 24,000, స్పీకర్లు 6,000, స్ట్రీమింగ్ స్టిక్ 3,500, కర్టెన్లు కుట్టుకూలితో 3,500, గోడ 2,200, కేబుల్ 800. ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి తగ్గింది. పాత ధరల పట్టీ చూపించి అమ్మేవాళ్లుంటే ఆ సంగతి గుర్తుచెయ్యండి. హెచ్‌డీఎంఐ కేబుల్ మీద 'ప్రీమియం హై స్పీడ్' అని ఉంటే మంచిది. ఐదారు మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్‌లో బొమ్మ మినుకుమనొచ్చు, అందుకని స్టిక్‌ని ప్రొజెక్టర్‌కే పెట్టి తెర వైపు స్పీకర్ వైరు ఒక్కటే లాగాం.

ఇప్పటికే '4కె సపోర్ట్' కొనేశాను. ఏం చెయ్యను?

తిరిగి ఇచ్చే గడువుంటే ఇవాళే ఇచ్చెయ్యండి. గడువు దాటితే బాధపడి మూలన పడెయ్యకండి. బొమ్మని 60 అంగుళాలకి తగ్గించి పన్నెండు అడుగుల దూరంలో కూర్చోండి. ఆ దూరంలో 720పి చుక్కలు కంటికి ఆనవు, వెలుగు కూడా చిన్న జాగాలో చేరి రెండింతలకు పైగా అనిపిస్తుంది. ఫోకస్ మధ్యలో కాకుండా, మధ్యకీ మూలకీ సగం దూరంలో ఉన్న అక్షరాల మీద కుదర్చండి. నా మొదటి ప్రొజెక్టర్ ఇప్పుడు మధురవాడలో మా అక్క వాళ్లింట్లో ఉంది. పిల్లల గదిలో మంచం ఎదురు గోడ మీద 60 అంగుళాల బొమ్మ వేస్తోంది, వాళ్లకి అది సినిమా హాలే.